స్ప్లిట్ టెస్టా, మార్చేసి చూడటమా?

ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకోండి. ఉత్పత్తి పేజీ మార్చాలి. దారులు రెండు. ఒకటి, పేజీ మార్చేసి ఏమవుతుందో చూడటం. రెండోది స్ప్లిట్ టెస్టు, అంటే వచ్చేవాళ్లలో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది చూపించి పోల్చడం.

ఖర్చు: మార్చేసి చూడటానికి ఏమీ అక్కర్లేదు. టెస్టుకు టూల్ కావాలి. ఉచితంగా దొరికిన గూగుల్ ఆప్టిమైజ్ 2023 సెప్టెంబరులో మూతపడింది.

శ్రమ: మొదటిది పూట పని. రెండోదానికి వారాల ఓపిక. మధ్యలో అంకెలు చూసి ఆపేస్తే టెస్టు దండగే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సంక్రాంతి ముందు బటన్ రంగు మార్చి, ఆర్డర్లు పెరిగాయని సంబరపడతాం. పెంచింది రంగా, పండగా? టెస్టులో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది ఒకే రోజుల్లో కనిపిస్తాయి కాబట్టి పండగ ప్రభావం రెండింటికీ సమానం. కాకపోతే టూల్ స్క్రిప్టు వల్ల పేజీ కాస్త నెమ్మదించవచ్చు.

ఎవరికి ఏది: వందలో ఇద్దరు కొనే షాపులో ఆ 2 శాతం 2.4 అయిందని నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో పేజీకి సుమారు 21 వేల మంది, రెండింటికీ కలిపి 42 వేల మంది రావాలి. రోజుకు 3,000 మంది వస్తే రెండు వారాలు చాలు, టెస్టే పెట్టండి. 200 మందే అయితే ఏడు నెలలు! అప్పుడు మార్చేసి చూడటమే నయం, పండగలు లేని నెలలో.