ఎలక్ట్రిక్ ట్రాలీ కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి

అన్నలూ, తమ్ముళ్ళూ, పొడుగ్గా ఉందని వదిలేయకండి. మొన్న బోయిన్‌పల్లి మార్కెట్‌లో నాలాగే కూరగాయల సప్లై చేసే ఒకతను నా బండి చుట్టూ తిరిగి "అన్నా, డీజిల్ ఖర్చు లేదు కదా, నేనూ ఇదే తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. అరగంట నిలబెట్టి చెప్పాను. ప్రతివాడినీ పట్టుకుని చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను కూకట్‌పల్లి, మూసాపేట, ఎస్సార్ నగర్ వైపు హాస్టళ్ళకీ మెస్సులకీ కూరగాయలు వేస్తాను. రాత్రి మూడింటికి లేచి బోయిన్‌పల్లిలో సరుకు ఎత్తి ఏడింటిలోపు అన్నిచోట్లా దించేయాలి, ఎనిమిదైందంటే ఆ మెస్‌లో కూర లేనట్టే. పాత డీజిల్ ట్రాలీ ఉండేది. లీటరు 95 దాటాక రోజుకి 550 రూపాయలు ట్యాంకులోకే పోయేవి. 2025 జనవరిలో దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ పికప్ తీసుకున్నా. బండి ధర 9 లక్షల 80 వేలు, అందులో లోను 8 లక్షలు, నెలకి 21,460 కిస్తీ. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బళ్ళకి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశారు, అది కలిసొచ్చింది. పైగా పర్మిట్ గోల లేదు. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు చూసి మా చిన్నోడు సంబరపడిపోయాడు. కంపెనీ పేరు రాయను, కేసు నడుస్తోంది. పేరు తెలిసినా తెలియకపోయినా నేను చెప్పేది ఏ కంపెనీ బండికైనా పనికొస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే మొదటి రెండు నెలలు బంగారం. కరెంటు ఖర్చు రోజుకి 150 దాటలేదు, ఇంజిన్ మోత లేదు, తెల్లవారుజామున అపార్ట్‌మెంటు గేటు ముందు సరుకు దించినా ఎవరూ తిట్టలేదు. అందుకే ఎలక్ట్రిక్ బళ్ళన్నీ చెత్త అని నేను అనను, మా మార్కెట్‌లోనే ఎలక్ట్రిక్ ఆటో ట్రాలీలు ఏ గొడవా లేకుండా తిరిగేవి ఉన్నాయి. నా బాధ వేరు.

మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బాలానగర్ ఫ్లైఓవర్ ఎక్కుతున్నా. వెనక ఆరేడు వందల కిలోల టమాటా, బెండ, సొరకాయ. మీటర్లో ఇంకా 31 శాతం చూపిస్తోంది. సగం ఎక్కానో లేదో మీటర్లో తాబేలు గుర్తు (బండి పవర్ తగ్గించేస్తోందని చెప్పే లైటు) వెలిగింది, పిల్లాడి సైకిల్ కంటే నెమ్మదైంది, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. వెనకనుంచి లారీలు హారన్లు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఖాళీ క్రేట్లు వెనక పేర్చి నిలబడ్డా. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "టెక్నీషియన్ తొమ్మిదింటికి వస్తారు సార్" అన్నారు. తొమ్మిదింటికి వచ్చి ఏం చేస్తాడు, బెండకాయ తింటాడా? పది నిమిషాలు ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది.

ఇదిగో, నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఆ మధ్యాహ్నం షెడ్‌కి తీసుకెళ్ళా, సర్వీస్ అడ్వైజర్ అంతా విన్నాడు, "అప్‌డేట్ పెండింగ్ ఉంది సార్, వేసేస్తే సరిపోతుంది" అని ట్యాబ్‌లో సంతకం పెట్టమన్నాడు, పెట్టేశా. జాబ్ కార్డులో, అంటే మనం చెప్పిన జబ్బూ వాళ్ళు చేసిన పనీ రాసే కాగితంలో, ఏం రాశాడో చూడలేదు. ఆర్నెల్ల తర్వాత లాయర్ దగ్గర కూర్చుని కాగితాలన్నీ పరిస్తే అందులో ఉన్నది "జనరల్ చెకప్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్", అంతే. లోడుతో ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోయిందన్న ముక్కే లేదు. నాది ఇప్పటికి తొమ్మిదిసార్లు షెడ్‌కి వెళ్ళొచ్చింది, మొదటి నాలుగు కార్డులూ ఇదే తీరు. అంటే వాళ్ళ లెక్కలో నా బండి నాలుగుసార్లు చెడిపోలేదు, నేను నాలుగుసార్లు సరదాగా చెకప్‌కి తీసుకెళ్ళా! ఒకే జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తోందని చూపించుకోవాలంటే ప్రతి కార్డులో అదే జబ్బు, మీరు చెప్పిన మాటల్లో, తేదీతో, కిలోమీటర్ల రీడింగుతో ఉండాలి. బండి ఇచ్చిన రోజూ తీసుకున్న రోజూ రెండూ ఉండాలి. అడ్వైజర్ మొహం మాడ్చుకున్నా సరే, రాసేదాకా సంతకం పెట్టకండి. తాబేలు గుర్తు, ఎర్ర లైటు ఏది వెలిగినా ఫోన్‌లో వీడియో తీసి ఆ నిమిషమే వాళ్ళ నంబరుకి వాట్సాప్ చేయండి. షెడ్‌కి చేరేసరికి గుర్తు మాయమవుతుంది, అప్పుడు "ఫాల్ట్ ఏమీ దొరకలేదు" అని రాస్తారు.

ఏప్రిల్‌లో రెండో రకం మొదలైంది. రాత్రి ఛార్జి పెట్టా, బ్యాటరీ 80 శాతం నిండింది, మూడింటికి తాళం తిప్పితే చలనం లేదు. డీజిల్ బండి నడిపినవాడికి ఇది అస్సలు అర్థం కాదు. తర్వాత తెలిసిందేమిటంటే బండిని నడిపే ఆ పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు పనిచేయాలంటే మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీయే దిక్కు. అది చచ్చిందంటే పెద్దదాంట్లో ఎంత కరెంటున్నా గోదాంలో ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టే. కొత్తది వేశారు, మూడు వారాలకి అదీ చచ్చింది, ఇంకోటి వేశారు. మూడోసారి వెళ్ళాక గానీ పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి ఛార్జి ఎక్కించే కన్వర్టరే సరిగ్గా పనిచేయడం లేదని తేలలేదు. ఆ మూడుసార్లూ తెల్లవారుజామున అద్దె ట్రాలీ కోసం వీధులన్నీ తిరిగా.

జూలైలో వానలు. మూసాపేట దగ్గర నీళ్ళు నిలిచిన చోట నుంచి వచ్చా, అదీ మోకాలి లోతేం కాదు, స్కూటర్లు కూడా పోతున్నాయి. అర కిలోమీటరు దాటాక ఎర్ర గుర్తు, బండి బంద్. టోయింగ్‌కి మామూలు క్రేన్ వాడొచ్చి ముందు చక్రాలు ఎత్తి ఈడ్చుకుపోతానన్నాడు. ఒద్దన్నా. నా బండికి మోటారు నడిపేది వెనక చక్రాల్ని, అవి నేల మీద తిరిగితే మోటారు తనంతట తాను కరెంటు పుట్టించి లోపలి సర్క్యూట్లని కాల్చేసే ప్రమాదం ఉంది. ఇలాంటి బండిని మొత్తంగా పైకెక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ కావాలి. క్రేన్‌తో అలా ఈడ్పిస్తే "మీరే పాడుచేశారు" అని వారంటీ కొట్టేయడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. మూడున్నర గంటలు రోడ్డు మీద కూర్చుని ఫ్లాట్‌బెడ్ వచ్చాకే కదిలా. షెడ్‌లో 19 రోజులు. కేబుల్ కనెక్టర్లో తడి దిగి పచ్చగా చిలుం పట్టిందని అక్కడి కుర్ర మెకానిక్ గుట్టుగా చూపించాడు, "అన్నా, నేను చూపించానని చెప్పకు" అన్నాడు పాపం. కార్డులో మాత్రం "బయటి నీటి వల్ల" అని రాశారు. వానాకాలంలో రోడ్డు మీద నీళ్ళుండవా, హైదరాబాద్‌లో?

ఆగస్టు, సెప్టెంబర్‌లలో మళ్ళీ అదే ఫ్లైఓవర్, మళ్ళీ అదే తాబేలు. ఒకసారి 28 శాతం దగ్గర, ఇంకోసారి 35 దగ్గర. ఈసారి వీడియోలు ఉన్నాయి, కార్డులో నా మాటలే రాయించా. లాప్‌టాప్ పెట్టి చూస్తే ప్యాక్‌లో, అంటే చిన్న చిన్న సెల్స్ కలిపి కట్టిన ఆ పెద్ద బ్యాటరీలో, ఒక సెల్ మిగతావాటికంటే బలహీనంగా ఉందట. చదునైన రోడ్డు మీద పోతున్నంతసేపు తెలియదు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కరెంటు ఎక్కువ లాగితే ఆ ఒక్క సెల్ వోల్టేజి దభేల్న పడిపోతుంది, దాన్ని కాపాడటానికి కంప్యూటర్ మొత్తం ప్యాక్‌నే ఆపేస్తుంది. అంటే మీటర్లో 35 కనిపించినా ఆ సెల్ సంగతి వేరే. దీనికి వాళ్ళు చెప్పిన కారణం వింటే మీకు నవ్వొస్తుంది, నాకు ఏడుపొచ్చింది. "మీరు రోజూ 80 దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తున్నారు సార్, ఈ రకం బ్యాటరీని తరచుగా నూరు దాకా నింపాలి, లేకపోతే సెల్స్ సర్దుకోవు, మీటర్ కూడా తప్పు చూపిస్తుంది" అన్నారు. అసలు 80కి ఆపమని నాకు చెప్పింది అమ్మినప్పుడు వాళ్ళ షోరూమ్ కుర్రాడే, ఫోన్ బ్యాటరీ లాగే ఎక్కువ కాలం వస్తుందని! ఈ రకం, అంటే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మధ్యలో వోల్టేజి దాదాపు మారదు, అందుకని ఎంత మిగిలిందో కంప్యూటర్‌కి సరిగ్గా తెలియదు, నూరు దాకా నింపితేనే లెక్క సరిచేసుకుంటుంది, ఇది నిజమే. నేను తర్వాత నెల రోజులు నూరు దాకానే పెట్టా. సెల్ బాగుపడలేదు, అది పుట్టుకతోనే వీక్.

అయితే ప్యాక్ మార్చండి అన్నా. వారంటీ పుస్తకం తీశారు. బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే మారుస్తారట, నాది 90 పైన ఉందట, కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే. దారి మధ్యలో ఆగిపోవడం సామర్థ్యం కిందికి రాదు. బండి ఆగడం వల్ల పోయిన ఆదాయానికి కంపెనీకి సంబంధం లేదని కూడా అందులోనే చిన్న అక్షరాల్లో ఉంది. షెడ్‌లో పడున్న రోజులు వారంటీకి కలపరు. వారంటీ ఎన్నేళ్ళని అందరం అడుగుతాం, ఏ లోపానికి ఇస్తారని ఎవరం అడగం.

పదకొండు నెలల్లో 74 రోజులు షెడ్‌లో. అందులో 60 రోజులు రోజుకి 1,800 పెట్టి అద్దె ట్రాలీ, అంటే లక్షా ఎనిమిది వేలు. మిగిలిన రోజులు బండే దొరకలేదు. డీజిల్ మిగులు అని చంకలు గుద్దుకున్నదంతా అందులోనే పోయింది. ఆలస్యం అయిందని రెండు హాస్టళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున టంచన్‌గా కట్ అయింది.

అక్టోబర్‌లో లీగల్ నోటీసు ఇచ్చా. వచ్చిన జవాబు చదివి కళ్ళు తిరిగాయి: ఇది గూడ్స్ బండి, వ్యాపారం కోసం కొన్నారు, కాబట్టి మీరు వినియోగదారులే కారు. చాలామంది ఇక్కడే భయపడి వదిలేస్తారు. వదలకండి. 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది, కేవలం తన జీవనాధారం కోసం స్వయం ఉపాధికి కొని వాడుకునేది వాణిజ్య అవసరం కింద రాదని. నా బండి నా పేరు మీదుంది, నేనే నడుపుతా, నాకు ఇంకో బండి లేదు, ఇల్లు గడిచేది దీంతోనే. కొనేటప్పుడు మా బావమరిది "ఫర్మ్ పేరు మీద తీసుకో బావా, జీఎస్టీ వెనక్కొస్తుంది" అని ఒకటే పోరు. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ ఐదు శాతమే కదా, దానికోసం తిరగడమెందుకని బద్ధకించా. ఆ బద్ధకమే నన్ను కాపాడింది. ఫర్మ్ పేరు మీద బిల్లుంటే వాళ్ళ వాదన బలపడేది. నాలుగైదు బళ్ళు పెట్టి డ్రైవర్లతో తిప్పేవాళ్ళకి ఈ దారి కష్టం, వాళ్ళు కొనేముందే లాయర్‌ని అడగండి.

ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా. ఫిర్యాదు నంబరు ఇస్తారు, కంపెనీకి పంపుతారు. నా విషయంలో కంపెనీ రెండు మర్యాద మెయిళ్ళు పంపి ఊరుకుంది, కానీ ఆ కాగితం కేసులో పనికొచ్చింది. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 50 లక్షల లోపు ధర పెట్టి కొన్నవన్నీ జిల్లా కమిషన్‌కే, మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. పది లక్షల లోపు కాబట్టి నాకు ఫీజు 200 రూపాయలు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వేశా. లాయర్ తప్పనిసరి కాదు, నేను మాత్రం పెట్టుకున్నా, వాళ్ళ తరఫు లాయర్ల జవాబులకి తిరిగి రాయడం నా వల్ల కాదు. సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి, "చూద్దాం సార్, పార్ట్ వస్తోంది సార్" అని వాళ్ళు రోజులు దొర్లిస్తుంటే మీ గడువు కరిగిపోతుంది. అమెరికాలో ఉండే మా కజిన్ అక్కడ రాష్ట్రానికో లెమన్ చట్టం ఉంటుందని, ఇన్నిసార్లు చెడితే కంపెనీ బండి వెనక్కి తీసుకోవాల్సిందేనని చెప్పాడు. మనకి అలాంటి లెక్క లేదు, లోపం ఉందని మనమే నిరూపించుకోవాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం చూశారా, జాబ్ కార్డు.

ఇంకా కొనాలనే ఉంటే షోరూమ్‌కి వెళ్ళకముందు సర్వీస్ షెడ్‌కి వెళ్ళండి. పొద్దున పదింటికి గేటు బయట టీ తాగుతూ నిలబడి మీరు కొనబోయే మోడల్ ఎన్ని లోపలికొస్తున్నాయో చూడండి, ఫ్లాట్‌బెడ్ మీద వచ్చేవి ఎన్నో చూడండి, డ్రైవర్లని పలకరించండి, వాళ్ళు షోరూమ్ కుర్రాడిలా అబద్ధం చెప్పరు. పెద్ద బ్యాటరీని విప్పడానికి శిక్షణ ఉన్న మెకానిక్‌లు ఎంతమంది అని అడగండి. నేను వెళ్ళే షెడ్‌లో ఒక్కడే, అతను సెలవు పెడితే నా బండికీ సెలవే. టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో తిప్పితే ఏమీ తెలియదు, ఇరవై బస్తాలు వేసి ఛార్జి ముప్పై శాతానికి దిగాక ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో అడగండి.

నా బండి ప్రస్తుతం షెడ్‌లోనే ఉంది, పదో జాబ్ కార్డు తెరిచారు. కమిషన్‌లో వాయిదా వచ్చే నెల 18న. అద్దె ట్రాలీ అబ్బాయి మూడింటికి వస్తానన్నాడు, పడుకోవాలి. మీలో ఎవరికైనా ఇలాగే లోడు మీద ఆగిపోతుంటే బండి మోడల్, ఏ శాతం దగ్గర ఆగుతోందో కింద రాయండి, నా ఒక్కడి సెల్ మాత్రమే వీక్ కాదేమోనని మా లాయర్ అనుమానం.