పాత పడవ కేబిన్‌లో నేల: ఆరేళ్ళు వాడాక నా మాట

మా పడవ 26 అడుగులది. బయటి పెంకు ఫైబర్, లోపలంతా చెక్క. ఒకప్పుడు సర్వే పనికి తిరిగిన లాంచీ. 2018 జనవరిలో మా బాబాయీ నేనూ చెరి సగం వేసుకుని వేలంలో కొన్నాం. మేముండేది చెన్నై రాయపురంలో, పడవ ఉండేది పులికాట్‌లో. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కే లోపు చేరిపోతాం.

ఇంజను గురించీ రంగుల గురించీ మాకు సలహాలిచ్చినవాళ్ళు చాలామంది. కేబిన్ నేలకు ఏం వేయాలో చెప్పినవాళ్ళు తక్కువ, చెప్పినవాళ్ళు కూడా ఇంటికి చెప్పినట్టే చెప్పారు. ఒకసారి తప్పుగా వేసి, పీకేసి, 2019 ఫిబ్రవరిలో మళ్ళీ వేశాం. ఆ రెండో నేల మీద ఆరేళ్ళకు పైగా నడిచాం, పడుకున్నాం, చేపల పులుసు ఒలకబోశాం. పాత పడవ బాగు చేయించుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు మొదటి తప్పు. కేబిన్‌లో పాత పలకలు పుచ్చిపోయి ఉన్నాయి. అవి తీసేసి మామూలు ప్లైవుడ్ పరిచి, దాని మీద ఇళ్ళలో వేసే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పట్టీలు అతికించాం. చెక్కలాగే కనిపిస్తుంది, నీళ్ళు పడినా ఏం కాదు, తుడిస్తే చాలు అన్నారు. నిజంగానే పైన పడ్డ నీళ్ళకి ఏమీ కాలేదు. మొదటి మూడు నెలలు చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడు ఈశాన్య రుతుపవనాలు వెళ్ళాక, డిసెంబరు చివర్లో, మెట్టు దిగగానే కాలి కింద నేల మెత్తగా తగిలింది. మా ఆశారి, అంటే వడ్రంగి, వంగి, స్క్రూడ్రైవర్ మొన పట్టీల సందులో పెట్టి నొక్కాడు. బలం పెట్టనే లేదు, పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకి నల్లటి పేస్టు అంటుకుని వచ్చింది, కుళ్ళిన పుట్టగొడుగుల వాసన. "పైన గొడుగు పట్టావు తంబీ, కింద నీళ్ళలో నిలబెట్టావు" అన్నాడు.

పడవ నేల సంగతంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంట్లో నేలకి నీళ్ళు పైనుంచి వస్తాయి. పడవలో నేల కింద ఎప్పుడూ ఎంతో కొంత నీరు ఉంటుంది: ఇంజను నుంచి పెంకు బయటికి వెళ్ళే షాఫ్టు దగ్గర కారేది, కిటికీ అంచుల్లోంచి దిగిన వాన, రాత్రి చల్లబడ్డాక పెంకు లోపల పట్టే చెమ్మ. ఆ తేమ పైకి లేస్తుంది. పైన వినైల్ లాంటి గాలాడని పొర ఉంటే అది చెక్కలోనే చిక్కుకుపోతుంది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. చెక్కని కుళ్ళబెట్టే బూజుకి ఉప్పునీటి కంటే మంచినీరే ఎక్కువ అనుకూలం. సముద్రం నీళ్ళు పడ్డాయని కంగారు పడతాం గానీ, పాత పడవల కేబిన్లను తినేసేది ఎక్కువగా వాననీరే.

రెండోసారి ఏం వేయాలని రెండు నెలలు తిరిగాం. కార్పెట్ ఒక్క పూటలో కొట్టేశాం. ఉప్పు పట్టిన బట్ట గాలిలో తేమని పీలుస్తూనే ఉంటుంది, చెన్నై ఉక్కలో అది ఎప్పటికీ ఆరదు. పీవీసీ ఫోమ్ బోర్డు తేలిగ్గా ఉంటుంది, కుళ్ళదు. కానీ మూసిన కేబిన్ మే నెలలో పొయ్యిలా కాలుతుంది. ఆ వేడికి దూలాల మధ్య బోర్డు కిందికి వంగడం ఇంకొకరి పడవలో కళ్ళారా చూశాం. పూర్తి టేకు పలకలు వేయాలని బాబాయి కోరిక. నాకూ ఆశే. అయితే వెడల్పాటి పలక తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. అదీ కాక నేల మొత్తానికి ఆ మందంలో మంచి టేకు కొనాలంటే పడవ ఖరీదులో సగం అయ్యేలా ఉంది.

చివరికి తేల్చుకున్నది ఇది: కింద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై (నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్), అన్ని వైపులా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే పూత), పైన పలుచటి పాత టేకు పట్టీలు. 18 మిల్లీమీటర్లది వేయమని చాలామంది చెప్పారు. ఆ మందంలో ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది. మా దూలాల మధ్య దూరం అడుగే కాబట్టి 12 సరిపోయింది. ఆరేళ్ళలో ఎక్కడా ఊగలేదు.

ప్లైవుడ్ ఎంచుకోవడంలోనే ఎక్కువమంది మోసపోతారు. మెరైన్ ప్లైకి మన దేశ ప్రమాణం ఐఎస్ 710. ఆ ప్రమాణం ప్రకారం ముక్కని 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. ముద్ర అందరూ కొడతారు, అంచున జిగురు గీతలు ముదురు రంగులో కనిపించినంత మాత్రాన నమ్మడానికి లేదు. చెన్నై సిడెన్‌హామ్స్ రోడ్డు దుకాణాలతో పాటు ఇంకో రెండు చోట్ల నుంచి రెండేసి అంగుళాల ముక్కలు నాలుగు అడిగి తెచ్చుకున్నాను. అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు. మా ఆవిడ ఒక పాత గిన్నె నాకు వదిలేసింది. ఎనిమిది గంటలు ఉడికించి, ఒక రోజు ఎండబెట్టి, మళ్ళీ ఎనిమిది గంటలు. నాలుగింటిలో ఒకటి మొదటి రోజు సాయంత్రానికే పుస్తకంలా తెరుచుకుంది. దాని మీద ముద్ర అన్నిటికంటే పెద్దది. ఇంకొకటి అంచుల్లో ఉబ్బింది. మిగిలిన రెండిటిలో ఒకటి ఎంచుకుని, షీటంతా వేలి గణుపుతో తట్టి చూశాం. లోపల ఖాళీ ఉన్న చోట డొల్ల చప్పుడు వస్తుంది. అలాంటి షీటు పడవకి వద్దు, ఆ ఖాళీలోనే నీళ్ళు దాక్కుంటాయి.

తర్వాత ఎపాక్సీ. పని మొత్తానికి ప్రాణం ఇదే. కోసిన అంచులు స్పంజిలా తాగేస్తాయి కాబట్టి వాటికి మూడు పూతలు తప్పవు, కింది వైపుకీ పై వైపుకి వేసినంతా వేయాలి. చెన్నై ఎండలో మగ్గులో ఎక్కువ కలిపితే కళ్ళ ముందే వేడెక్కి, పొగలు వచ్చి, రాయి అయిపోతుంది. మాకు మొదటి రోజే అరకిలో అలా పోయింది. కొంచెం కొంచెం కలుపుకుని వెడల్పాటి ట్రేలో పోసుకుంటే పని చేసుకునే టైమ్ దొరుకుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఆరిన పొర మీద జిడ్డులాంటిది తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఇసుక కాగితం పట్టాలి. కడక్కుండా పై పొర వేస్తే అది పట్టదు.

స్క్రూ రంధ్రాల విషయంలో ఆశారికి నేను చేతులెత్తి దండం పెట్టాలి. ప్రతి రంధ్రాన్నీ కావలసినదానికంటే పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ తొలిచాడు. స్క్రూ ఎక్కడా చెక్కకి తగలదు. ఒక్కో రంధ్రానికి రెండు రోజుల పని. స్క్రూలు ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టీలువి వాడాం. అంత తట్టుకోని 304 రకం కూడా తళతళలాడుతుంది, అయస్కాంతం పెట్టి చూసినా తేడా తెలియదు, అందుకే నమ్మకమైన చోట బిల్లుతో కొనాలి.

పైన వేసిన టేకు పాత ఇళ్ళు పడగొట్టిన చోట వచ్చిన బర్మా టేకు, తలుపు చట్రాల దుంగలు. మేకులన్నీ పీకించి, నాలుగు మిల్లీమీటర్ల మందంలో పట్టీలుగా కోయించాం. రంపం పడగానే వచ్చిన వాసనకి మా బాబాయి కాసేపు అక్కడే నిలబడిపోయాడు. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, బకింగ్‌హామ్ కాలువ మీద సరుకు పడవ నడిపిన మనిషి. "మా నాన్న చొక్కా ఇదే వాసన వచ్చేదిరా" అన్నాడు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకని అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. లేకపోతే జిగురు పట్టు వదిలేస్తుంది. పట్టీలు పలుచగా ఉండడం వల్లే అవి ఉబ్బినా ముడిచినా కింది ప్లైని లాగవు. వాటికి వార్నిష్ వేయలేదు. వార్నిష్ మీద తడికాలు పెడితే జారుతుంది, పడవలో జారితే తల వెళ్ళి దేనికో కొట్టుకుంటుంది.

నేలని ఐదు ముక్కలుగా చేయించి, ఏ ముక్కనైనా ఒక్కడే లేపగలిగేలా పెట్టాం. ముక్కల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు. కింద దూలాల్లో నీళ్ళు, వాటిని బయటికి తోడే పంపు దగ్గరికి జారడానికి చిన్న కంతలుంటాయి. పాత పడవల్లో అవి రంగుతో, చెత్తతో పూడుకుపోయి ఉంటాయి. మావి పూడిక తీస్తే రెండు మగ్గుల మట్టి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రెండు ముక్కలు లేపి, గంటసేపు గాలికి వదిలేస్తాం. ఆరేళ్ళ నుంచి ఇది మానలేదు.

అసలు పరీక్ష 2023 డిసెంబరులో వచ్చింది. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 5వ తేదీనే గానీ, అంతకు ముందే చెన్నైని ముంచేసింది. మేం పులికాట్ చేరేసరికి నాలుగు రోజులైంది. బ్యాటరీ అయిపోయి పంపు ఆగిపోయింది, కేబిన్ నేల మీద నాలుగు వేళ్ళ లోతు వాననీరు. నాకు గుండె జారింది. నీళ్ళు తోడి, ముక్కలన్నీ లేపి గట్టు మీద నీడలో ఆరబెట్టాం. ఎండలో పెడితే టేకు చీలుతుంది. రెండు రోజుల తర్వాత ప్రతి అంచూ కత్తి మొనతో గుచ్చి చూశాం. నాలుగు ముక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. ముందు వైపుది మాత్రం ఒక మూల ఉబ్బింది. 2021లో లైటు వైరు కోసం నేనే అక్కడ కన్నం తొలిచి, ఎపాక్సీ పూయకుండా వదిలేశాను. వేలెడు కన్నం, జానెడు మేర చెడింది.

ఇష్టం లేనివీ చెప్పాలి. వార్నిష్ లేని టేకు మీద మరక పడితే పోదు. డీజిల్ మరక ఒకటి, పులుసు నూనెది ఒకటి అలాగే ఉండిపోయాయి. మెత్తటి బ్రష్‌తో, చెక్క గీతలకి అడ్డంగా రుద్దాలి. నిలువుగా రుద్దితే మెత్తటి చారలు లేచిపోయి నేల గట్లు గట్లుగా తయారవుతుంది. ముక్కలు లేపడానికి పెట్టిన ఇత్తడి రింగులు మొదట పైకి పొడుచుకొచ్చి ఉండేవి, అందరి బొటనవేళ్ళూ దెబ్బతిన్నాయి. తర్వాత చెక్కలోకి కూరుకుని ఉండేవి పెట్టించాం. మెట్టు దగ్గర మాత్రం ఈవీఏ ఫోమ్ (రబ్బరులా మెత్తగా ఉండేది) షీటు వేశాం. తడికాలికి పట్టు బాగుంటుంది, కానీ ఎండ తగిలే చోట మూడేళ్ళకే వెలిసి, అంచులు లేచాయి. కేబిన్ అంతా దానితో పరవమని మాత్రం నేను చెప్పను.

ఇవాళ మళ్ళీ వేయాల్సి వచ్చినా ఇదే వేస్తాను, వైర్ల కన్నాలన్నీ ముందే తొలిపించి మరీ. ఆ ముందు వైపు ముక్కని సీల్ చేసి ఇప్పటిదాకా నెట్టుకొచ్చాం, వచ్చే ఫిబ్రవరిలో మారుస్తున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఈ తీరంలో పడవలన్నీ అప్పుడే మరమ్మతుకి గట్టెక్కుతాయి, ఆ రెండు నెలలూ ఆశారి దొరకడు. మిగిలిన టేకు పట్టీలు మా ఇంట్లో మంచం కింద గుడ్డలో చుట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఒక ముక్కకి సరిపోతాయి.