ఆస్పత్రి చీటీ పక్కన పెట్టి సాక్షిని పట్టుకున్న లాయర్ గారు: అప్పీల్ సర్వీసుకి నా రివ్యూ

హోటల్‌కి రివ్యూ రాస్తాం, ఫోన్ చార్జర్‌కి కూడా రాస్తాం, ప్రాణం అరచేతిలో పెట్టుకుని డబ్బు కట్టిన పనికి మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఇది రాస్తున్నా. లాయర్ గారి పేరు చెప్పను. వాళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది, ఆయనకి ఇష్టమూ లేదు.

కేసు మా బావమరిదిది. 2021లో ఒక నగల షాపులో కత్తి చూపించి దోపిడీ జరిగింది. ముద్దాయిలు ముగ్గురు, మావాడు ఏ2. (అయిదుగురు ఉంటే డెకాయిటీ అయ్యేదట, ముగ్గురే కాబట్టి రాబరీ.) నేరం 2024 జులై 1కి ముందుది కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే, 392 (దోపిడీ), 397 (మారణాయుధంతో దోపిడీ). సెషన్స్ కోర్టు ఏడేళ్లు వేసింది, 397 పడితే అంతకంటే తగ్గించడానికి లేదట.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఆ రాత్రి వాడు వాళ్లమ్మని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు, చీటీ కూడా ఉంది, మరి జడ్జి గారు ఎందుకు నమ్మలేదు? కింది కోర్టులో మేం పెట్టుకున్న లాయరు కూడా ఆ చీటీనే పట్టుకుని వేలాడాడు. జిరాక్స్ కాపీ ఇచ్చాడు గానీ ఆస్పత్రి రిజిస్టరు తెప్పించలేదు, చీటీ రాసిన డాక్టర్ని సాక్షిగా పిలిపించలేదు. మా తరఫున సాక్షి మా అత్తగారొక్కరే. కన్నతల్లి కొడుకు కోసం చెప్పదా అని ప్రాసిక్యూటర్ ఒక్క ముక్కలో తీసిపారేశాడు.

హైకోర్టులో అప్పీల్‌కి 60 రోజులే గడువు. తీర్పు కాపీ పట్టుకుని ఈ లాయర్ గారి దగ్గరికి పరిగెత్తాం. "తీర్పు తర్వాత చదువుతా, ముందు సాక్షుల డిపోజిషన్లు, అంటే కోర్టులో వాళ్లు చెప్పింది రాసిన కాగితాలు, అన్నీ తెండి" అన్నారు. వారం తర్వాత పిలిచారు. చీటీ మీద టైమ్ 8:50, దోపిడీ జరిగింది 9:30కి.

"ఆస్పత్రికీ షాపుకీ దూరమెంతండీ?"

"ఆరు కిలోమీటర్లు ఉంటుందండి."

"అబ్బాయికి బండి ఉందా?"

"ఉందండి."

అంతే, పెన్నుకి మూత పెట్టేశారు. నాకు చెమటలు పట్టాయి.

తర్వాత నిదానంగా చెప్పారు. ఎలిబీ అంటే నేను వేరేచోట ఉన్నాను అనడం కాదు, నేరం జరిగిన చోట ఉండటం అసాధ్యమని తేలాలి, 1981లో దూధ్‌నాథ్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. పైగా వేరేచోట ఉన్నానన్నవాడే దాన్ని రుజువు చేసుకోవాలి, పాత ఎవిడెన్స్ యాక్ట్ 103వ సెక్షన్లో ఆ ఉదాహరణే ఉంది. "11వ సెక్షన్లో ఇంకో ఉదాహరణ ఉంటుందండీ. నేరం కలకత్తాలో, మనిషి లాహోర్‌లో. కొత్త చట్టంలో దాన్నే చెన్నై, లడఖ్ చేశారు. మీది ఆరు కిలోమీటర్లు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోనీ ఇప్పుడైనా సీఆర్‌పీసీ 391 (అప్పీల్‌లో కొత్త సాక్ష్యం తీసుకునే సెక్షన్) కింద పిటిషన్ వేసి ఆ రిజిస్టరు తెప్పించమని బతిమాలాను. ఒప్పుకోలేదు. తెప్పిస్తే 8:50 అన్నది రుజువవుతుంది, ఆ తర్వాత నలభై నిమిషాలు ఖాళీ ఉందని మనమే చూపించినట్టవుతుంది అన్నారు. ఫీజు తీసుకునే మనిషి వద్దు అని చెప్పడం నేను మొదటిసారి చూశాను. సర్వీసుకి సగం మార్కులు అక్కడే ఇచ్చేశా.

మిగతా సగం సాక్షుల మీద చేసిన పనికి. షాపు ఓనరు పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి), అక్కడ పనిచేసే కుర్రాడు పీడబ్ల్యూ-2. వచ్చినవాళ్లు మొహానికి రుమాలు కట్టుకున్నారు. ఎఫ్ఐఆర్‌లో ఉన్నది "గుర్తు తెలియని ముగ్గురు వ్యక్తులు" అని మాత్రమే, ఎత్తు లేదు, రంగు లేదు. కోర్టుకొచ్చేసరికి ఓనరు గారికి దొంగల్లో ఒకడి చెవిపోగు గుర్తొచ్చింది. పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో ఆ చెవిపోగు ఎక్కడా లేదు. అరెస్టయిన మర్నాడు ప్రెస్‌మీట్, పన్నెండో రోజున మేజిస్ట్రేట్ ముందు గుర్తింపు పరేడ్ (నలుగురిలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం). కుర్రాడి క్రాస్ ఎగ్జామినేషన్‌లో, నాలుగో పేజీ అడుగున, ఒక్క లైను ఉంది: "పరేడ్‌కు ముందు పేపర్లో ముద్దాయిల ఫొటో చూశాను." లాయర్ గారు దాని కింద పెన్సిల్‌తో గీత గీసి నా ముందుకి జరిపారు. ఆ కాగితాలు ఏడాదిగా మా బీరువాలోనే ఉన్నాయి. కింది కోర్టు లాయరు ఆ ముక్క సాక్షి నోటితో చెప్పించాడు, వాదనలో మాత్రం ఎత్తనే లేదు. చీటీ మీదున్న మమకారం అలాంటిది!

పరేడ్ అసలైన సాక్ష్యం కాదట. కోర్టులో మనిషిని చూపించి "ఇతనే" అనడమే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి ఊతం మాత్రమే. మరి ముందే ఫొటో చూసినవాడు పరేడ్‌లో గుర్తుపట్టింది షాపుకొచ్చిన దొంగనా, పేపర్లో మనిషినా? సొత్తు కూడా మిగతా ఇద్దరి దగ్గరే దొరికింది, మావాడి దగ్గర ఏమీ లేదు. ఇవన్నీ పోయినా చివరి మెట్టు ఒకటి దాచుకున్నారు: కత్తి ఏ1 చేతిలో ఉందని సాక్షులిద్దరూ చెప్పారు, 1975 ఫూల్ కుమార్ తీర్పు ప్రకారం ఆయుధం వాడినవాడికే 397, పక్కనున్నవాడికి కాదు.

లోపాలూ చెప్పాలి. ఫోన్ ఎత్తరు. గుమాస్తా ఎత్తుతాడు గానీ "సార్ కోర్టులో ఉన్నారు" తప్ప ఇంకో మాట రాదు, ఆదివారం కూడా. రెండుసార్లు మేం పొద్దున్నే వెళ్లి కూర్చున్నాక వాయిదా అని తెలిసింది. ఫీజు ఏ దశకి ఎంతో ముందే కాగితం మీద రాసిచ్చారు, అది మెచ్చుకోవాలి, కానీ టైపింగు, కాపీల ఖర్చు విడిగా ఉంటుందని చివర్లో చెప్పారు. శిక్ష సస్పెండ్ చేయించి బెయిల్ తేవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు మా ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. అయిదుకి నాలుగు ఇస్తున్నా.

తీర్పు వచ్చింది. గుర్తింపు నమ్మదగ్గది కాదు, సంశయ లబ్ధి (బెనిఫిట్ ఆఫ్ డౌట్) ఇస్తున్నాం అని మావాణ్ణి వదిలేశారు. అదే తీర్పులో ముందు పేరాలో ఎలిబీ రుజువు కాలేదనీ రాశారు. అది రుజువు కాకపోయినా, నేరం రుజువు చేయాల్సిన బరువు ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే కాగితం మీద ఇమిడాయి. ఇది మా అత్తగారికి ఎక్కలేదు. ఆ పేరా నాతో మూడుసార్లు చదివించుకున్నారు.

"అంటే నేను బోనెక్కి అబద్ధం చెప్పాననే కదా అల్లుడు గారూ, రాసింది?"

లాయర్ గారికి ఫోన్ చేశాను, ఆ ఒక్కసారీ ఆయనే ఎత్తారు. రుజువు కాలేదంటే అబద్ధమని కాదు, చాలలేదని, అమ్మగారికి అలా చెప్పండి అన్నారు. చెప్పాను. ఆవిడ ఆ చీటీని ఇప్పటికీ దేవుడి పటం వెనకే దాచుకున్నారు.