షాపు మూసేశాక ఆ కార్డుతో ఏం చేయాలి?

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపులో, పోయిన సిరిమానోత్సవం ముందు మా అమ్మాయికి రెండు తులాల నెక్లెస్ కొన్నాను. జీవితాంతం పాలిష్, రిపేరు ఉచితమని కార్డిచ్చారు. మొన్న కొక్కెం ఊడితే తీసుకెళ్లాను. షట్టరుకి తాళం, పైన బోర్డు కూడా లేదు. ఏడుపొచ్చింది. ఆ హామీ షాపుదే, ఇంకెవరిదీ కాదు. నెక్లెస్‌తో పాటు వచ్చిన ఇన్సూరెన్స్ మాత్రం బీమా కంపెనీది. పాలసీ కాగితం ఆనాడే అడిగి తీసుకున్నాను కాబట్టి ఫోన్ చేస్తే, గడువు దాకా నడుస్తుందన్నారు. దొంగతనానికి వస్తుందట, కొక్కేనికి రాదట. నెక్లెస్ మీదున్న అక్షరాలు, అంకెలు కలిపి 6 ఉండే హాల్‌మార్క్ గుర్తింపు నంబరుని (హెచ్‌యూఐడీ) ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టాను. 22 క్యారెట్లే! అప్పటికి టెన్షన్ తగ్గింది. కొక్కెం మా వీధి కంసాలి 150 రూపాయలకి అతికారు. మూసేముందు షాపువాళ్లు ఒక్క మెసేజ్ పెట్టాల్సింది. ఒక్క స్టారే ఇస్తున్నాను.