తేలు గుర్తు బండితో ఏడేళ్లు

హన్మకొండలో నా కారు చూసినవాళ్లు ముందు అడిగేది స్పీడు గురించి కాదు, "ఆ తేలు బొమ్మ ఏందన్నా?" అని. బండి పేరు అబార్త్. ఆ ఇటలీ కంపెనీని పెట్టిన కార్లో అబార్త్ అనే ఆయనది వృశ్చిక రాశి, అందుకే ఆ గుర్తు. నాది కన్య. మా ఇంట్లో ఈ విషయం మీద జోకులు ఇంకా అయిపోలేదు.

నాది 2016 మోడల్ అబార్త్ పుంటో. 2018లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, అప్పటికి 31,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు 1,14,000 దాటింది. 1.4 లీటర్ల టర్బో (లోపలికి గాలిని ఎక్కువగా తోసి బలం పెంచే పరికరం ఉన్న) పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ఐదు గేర్లు. ఐదు డోర్ల బండిని స్పోర్ట్స్ కారు అంటే ఒప్పుకోనివాళ్లు ఉంటారు. వాదించను. నాది విత్తనాల వ్యాపారం, డిక్కీ లేకుండా కుదరదు.

ఈ సమీక్షకు కారణం మా బావమర్ది. వాడు 2022లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొన్నాడు, ఆటోమేటిక్. మొదటిసారి నా బండి తీసుకుని హంటర్ రోడ్డు దాకా పోయొచ్చి, "బావా, ఇది తాతల కాలం కారు లెక్కుంది" అన్నాడు. తాళంచెవి తిప్పి స్టార్ట్ చేయాలి, క్లచ్ గట్టి, సీటు ఎత్తు, మీటర్లకు ముళ్లు, స్క్రీన్ పనిచేయదు. వరసగా చదివాడు.

ఆ చివరిది మాత్రం నాకు గుచ్చుకుంది. ఆ స్క్రీన్ కారుతో వచ్చింది కాదు, 2019లో నేనే బయట పెట్టించాను. అప్పట్లో బండెక్కిన ప్రతివాళ్లూ దాన్నే మెచ్చుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి వేలు పెట్టాక అది కదలడానికి అర నిమిషం పట్టేది. మే నెల ఎండలో గంటసేపు నిలబెడితే వెలిగేదే కాదు. ఇప్పుడు ఫోన్ హోల్డరే గతి. అంటే బండిలో అన్నిటికంటే కొత్తది అన్నిటికంటే ముందు పాతబడింది. స్టీరింగ్ సంగతి వేరు. కొన్ననాడే అది పాతకాలపుది, ఇప్పుడూ అంతే. ఈ ఏడేళ్లలో దాని వయసు పెరగలేదు.

ఇందులో ఉన్నది హైడ్రాలిక్ స్టీరింగ్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు నూనెను తోస్తుంది. మనం స్టీరింగ్ తిప్పినా తిప్పకున్నా ఆ పంపు తిరుగుతూనే ఉంటుంది, దానికీ కొంత పెట్రోలు ఖర్చు. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో మోటారు అవసరమైనప్పుడే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కంపెనీలు అటు మళ్లడానికి పెద్ద కారణం ఇదే. పేరున్న స్పోర్ట్స్ కారు పోర్షే 911 కూడా 2011లో వచ్చిన 991 తరంతో మారిపోయింది, రోడ్డు సంగతి చేతులకు తెలియడం తగ్గిందని పాత అభిమానులు అప్పుడు చాలా గొణిగారు.

ఆ గొణుగుడు నాకు అర్థమైంది మాత్రం వడ్ల మీద. యాసంగి కోతలప్పుడు పరకాల వైపు వెళ్తే సగం రోడ్డు వడ్లే ఆరబోసి ఉంటాయి. రాత్రిపూట నా హాలోజెన్ లైట్లకు (ఇవి నిజంగానే పాతవి, మంచి అర్థంలో కాదు) అవి కనపడేసరికే ముందు చక్రం ఎక్కేసి ఉంటుంది. ఆ క్షణాన స్టీరింగ్ చేతుల్లో తేలికైపోతుంది. బుర్రకు తెలిసేలోపే వేళ్లకు తెలుస్తుంది, కాలు యాక్సిలరేటర్ మీది నుంచి దానంతటదే లేస్తుంది. బావమర్ది కారులో అదే రోడ్డు మీద నాకు చెప్పింది చేతులు కాదు, కింద గింజల చప్పుడు.

కిందటి చలికాలం రెండు కార్లూ వేసుకుని జగిత్యాల మీదుగా నిర్మల్ పోయి, మహబూబ్ ఘాట్ ఎక్కాం. పైన తాళాలు మార్చుకున్నాం. వాడి బండికి ఏడు గేర్లు, అన్నీ అదే చూసుకుంటుంది. నా ఎడమ చెయ్యికి ఎక్కడ ఉండాలో తెలియలేదు. మలుపు దాటాక మీటరు చూస్తే నా బండిలో వచ్చే స్పీడు కంటే ఎక్కువే ఉంది, కానీ అంత వేగంగా పోతున్నట్టు ఒంటికి తెలియలేదు. ఆ స్టీరింగ్‌లో బరువుంది గానీ కబురు లేదు. కింద వాడు చెమటలు కక్కుతూ దిగాడు. "కాళ్లు పీకుతున్నయి బావా" అని కాసేపు ఆగి, "ఇంకోపారి ఎక్కుదామా?" అన్నాడు.

ఇంజిన్ విషయంలో మాత్రం వాడిదే పైచేయి. నా టర్బో 2,000 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా నిద్రలో ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా లేచి తోస్తుంది. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీని దాటాలంటే గేరు దించి, తొక్కి, ఒక్క క్షణం ఆగాలి. కొన్న కొత్తలో ఆ తోపు కోసమే తొక్కేవాణ్ని. ఇప్పుడు ఎదురుగా బస్సు వస్తుంటే ఆ క్షణం టెన్షన్ పెడుతుంది. వాడి 1.0 లీటర్ ఇంజిన్ చిన్నదే, కానీ 1,500 దగ్గరే పూర్తి బలం ఇస్తుంది. ఇలాంటి పాతదనాన్ని ముద్దు చేయలేను.

పెద్ద కంపెనీల తీరు చూస్తే నవ్వొస్తుంది. 911లో చివరిదాకా మిగిలిన ముల్లు టాకోమీటర్‌ను (ఆర్‌పీఎమ్ చూపే మీటరు) 2024లో తీసేసి మొత్తం స్క్రీన్ చేశారు. అంతకు ముందు ఏడాదే హ్యుందాయ్ తన ఐయోనిక్ 5 ఎన్ ఎలక్ట్రిక్ కారుకు, గేర్లే లేకపోయినా, గేరు మారినట్టు కుదుపూ ఇంజిన్ చప్పుడూ పెట్టింది. ఆ వీడియో బావమర్దికి చూపిస్తే, "నీ దాంట్ల ఆ కుదుపు ఫ్రీగనే వస్తది కద" అన్నాడు.

మైలేజీ ఊళ్లో తొమ్మిది, హైవే మీద పదమూడు. నేలకు ఎత్తు 155 మిల్లీమీటర్లే కాబట్టి మన పల్లెల స్పీడ్ బ్రేకర్ల మీద ఐమూలగా ఎక్కించాలి. ఈ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందుకే క్లచ్ ప్లేట్లు ముందే తెప్పించి ఇంట్లో పెట్టుకున్నాను.

సెకండ్ హ్యాండ్‌లో దొరికి కొనాలనిపిస్తే ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో 1,500 నుంచి తొక్కండి. ఏమీ జరగని ఆ కాసేపు మీకు చిరాకనిపిస్తే తాళం అక్కడే ఇచ్చేసి రండి, తర్వాత అలవాటవుతుందని మాత్రం అనుకోవద్దు. నాకింకా కాలేదు.