ఆక్రా హిస్టరీ టూర్: గైడ్‌కి పూర్తి మార్కులు, నడిపే కంపెనీకి సగమే

ఘనా స్వాతంత్ర్యం మీద రాజధాని ఆక్రాలో టూర్లకు కొదవ లేదు. కానీ నేను విచారించిన వాటిలో చాలావరకు బ్రిటిష్ పాలన ముగిసిన 1957 మార్చి 6 దగ్గరే ఆగిపోతాయి. మేం వెళ్లిన ఈ సగం రోజు టూర్ మాత్రం ఆ తేదీ దగ్గర మొదలై 1966 ఫిబ్రవరి 24 సైనిక తిరుగుబాటు దాకా నడుస్తుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను. నేను ఆక్రా పక్కనున్న టెమాలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి నుంచి వచ్చిన బాబాయిని కూడా తీసుకెళ్లాను. ఆయన రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్, ప్రశ్న వేయకుండా ఉండలేరు.

మొదట హై స్ట్రీట్‌లో క్వామే ఎన్‌క్రుమా స్మారక పార్కు. ఒకప్పుడు అది పోలో మైదానం. ఘనా తొలి ప్రధాని, తర్వాత అధ్యక్షుడైన ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం వచ్చిందని అర్ధరాత్రి ప్రకటించింది అక్కడే. ఆయన్ని గద్దె దించిన తిరుగుబాటప్పుడు విరగ్గొట్టిన ఆయన విగ్రహం తల లేకుండా నిలబడి ఉంటుంది, తల పక్కన విడిగా ఉంటుంది. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు. మా గైడ్ ఒకప్పటి స్కూల్ టీచర్. ఆయన మమ్మల్ని రోడ్డు వైపు తిప్పి పాత పార్లమెంటు భవనం చూపించారు. "విగ్రహాన్ని ఎవరు పడగొట్టారని అందరూ అడుగుతారు. అంతకుముందు ఆ భవనంలో ఏమేం పాస్ అయ్యాయో వినండి" అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పినదే ఈ టూర్‌కి ప్రాణం.

1956 ఎన్నికల్లో ఎన్‌క్రుమా పార్టీ అయిన కన్వెన్షన్ పీపుల్స్ పార్టీ (సీపీపీ)కి 104 సీట్లలో 71 వచ్చాయి. దొంగ ఓట్లతో కాదు, జనం అభిమానంతోనే. 1957 డిసెంబర్లో తెగ, ప్రాంతం, మతం ఆధారంగా నడిచే పార్టీలు చెల్లవని చట్టం తెచ్చారు. వినడానికి మంచి చట్టంలాగే ఉంటుంది. కానీ దెబ్బ పడింది ప్రతిపక్షం మీద. వాళ్లంతా కలిసి బుసియా నాయకత్వంలో యునైటెడ్ పార్టీ పెట్టుకున్నారు. 1958లో ప్రివెంటివ్ డిటెన్షన్ యాక్ట్ వచ్చింది. విచారణ లేకుండా ఐదేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. గైడ్ ఆ చట్టం ప్రింటు తెచ్చి మా చేత చదివించారు. పీడీ యాక్ట్ మనకూ తెలుసు, 1950 నుంచీ చూస్తున్నాం. మన రాజ్యాంగం కనీసం ఆ నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలి అనే అడ్డు ఒకటి పెట్టింది. అక్కడ అదీ లేదని వినగానే బాబాయి కళ్లజోడు తీసేశారు.

ఆ చట్టం కింద పట్టుకున్న వాళ్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించింది జె.బి. డాన్‌క్వా. ఈ దేశానికి ఘనా అనే పేరు సూచించిన వ్యక్తిగా చెప్పుకునేది ఆయన్నే. 1948లో బ్రిటిష్ వాళ్లు ఎన్‌క్రుమాతో కలిపి అరెస్టు చేసిన ఆరుగురిలో ఆయనా ఒకరు. 1960లో అధ్యక్ష పదవికి ఎన్‌క్రుమా మీద పోటీ చేసి ఓడిపోయారు. ఆయన వాదించిన ఆ కేసును 1961లో కోర్టు కొట్టేసింది. పౌరుల స్వేచ్ఛకు కట్టుబడతానంటూ అధ్యక్షుడు పదవి చేపట్టేటప్పుడు చేసే ప్రకటన నైతిక బాధ్యతే గానీ చట్టపరంగా కట్టుబడాల్సింది కాదని తేల్చింది. అదే ఏడాది డాన్‌క్వానీ లోపల వేశారు. 1962లో వదిలి, 1964లో మళ్లీ పట్టుకున్నారు. 1965 ఫిబ్రవరి 4న న్సావమ్ జైల్లోనే చనిపోయారు.

"అంత మెజారిటీ ఉన్నవాడికి ఆ చట్టంతో పనేమిటండీ?" అని బాబాయి నిలదీశారు. గైడ్ దాటేయలేదు. కుమాసి నగరంలో సీపీపీ, ప్రతిపక్షం మనుషులు ఒకరి ఇళ్ల మీద ఒకరు బాంబులు వేసుకున్న సంగతి చెప్పారు. 1962లో కులుంగుగులో ఎన్‌క్రుమా మీదే బాంబు పడిన సంగతీ చెప్పారు. "భయం నిజమే. కానీ ఆ భయం కోర్టు మాట కూడా విననివ్వలేదు" అన్నారు. ఆ బాంబు కేసులో ముగ్గురు ప్రముఖులను 1963 డిసెంబర్లో కోర్టు నిర్దోషులంది. వెంటనే ప్రధాన న్యాయమూర్తి కోర్సా ఉద్యోగం ఊడింది. మరుసటి నెలలోనే దేశంలో ఒకే పార్టీ ఉండాలా అన్న రెఫరెండం, 99.91 శాతం అవును. 1965 ఎన్నికల్లో ఇక పోలింగే లేదు, సీపీపీ అభ్యర్థులంతా గెలిచినట్టు ప్రకటించేశారు.

నన్ను బాగా కదిలించింది జేమ్స్ ఫోర్ట్ అనే పాత కోట. లోపలికి వెళ్లలేదు, బయటి నుంచే చూశాం. బ్రిటిష్ వాళ్లు ఎన్‌క్రుమాని ఖైదు చేసింది ఇక్కడే. 1951లో ఇక్కడి నుంచే ఎన్నికల్లో గెలిచి బయటికొచ్చారు. జైలంటే ఏమిటో అంత బాగా తెలిసిన మనిషి విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం రానిచ్చారంటే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. నేను బతుకుతున్న టెమా ఓడరేవు ఆయన కట్టించిందే, ఆ కృతజ్ఞత నాకుంది. అయినా ఈ బాధ తగ్గదు.

ఇక కంపెనీ సంగతి. వ్యాన్ ఆలస్యంగా వచ్చింది. మధ్యలో ఒక బొమ్మల దుకాణానికి తీసుకెళ్లి చాలాసేపు కూర్చోబెట్టారు. ఆ టైమ్ అంతా పోవడంతో ఓసులోని డాన్‌క్వా సర్కిల్‌లో దించకుండా, కదిలే వ్యాన్ కిటికీలోంచి విగ్రహం చూపించి సరిపెట్టారు. షెడ్యూల్లో అది ఉంది, నేను డబ్బు కట్టింది దానికే. ఒబెత్సెబి లాంప్టే, అకో అజయ్ పేర్లతో ఉన్న కూడళ్లు కూడా ఆ డిటెన్షన్ చట్టం కింద ఖైదైన వాళ్లవే. రోజూ ట్రాఫిక్‌లో ఆ పేర్లు వింటాం కాబట్టి అక్కడ ఐదు నిమిషాలు ఆగితే ఎంతో బాగుండేది. ఫిర్యాదు చేస్తే మెయిల్‌కి జవాబు వచ్చింది, డబ్బు రాలేదు.

వెళ్లేవాళ్లు ఉదయం బ్యాచ్ తీసుకోండి, పార్కులో నీడ తక్కువ. దుకాణం వద్దని, ఓసులో దిగాలని బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. టీచర్‌గా పనిచేసిన గైడే కావాలని అడగండి. పిల్లలైతే పదో తరగతి దాటినవాళ్లకే ఇది పట్టుబడుతుంది.