35 మీటర్ల ఫ్రెంచ్ టార్పిడో బోటు రెజిన్ కిట్: బొమ్మ బాగుంది, కాగితం నమ్మొద్దు

టార్పిడో బోటంటే నీళ్లలో పేలే టార్పిడోలతో శత్రు నౌకలను ముంచే పాతకాలపు చిన్న యుద్ధపడవ. మే నెలలో హనుమకొండకు దాని రెజిన్ కిట్ (ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో పోతపోసిన ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ) తెప్పించుకోవడం నా తప్పే. ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి కొన్నా, దారిలో ఎక్కడ ఎండకు పడి ఉందో ఏమో, అట్టపెట్టె విప్పేసరికి పడవ అడుగు అరటిపండులా వంగిపోయి ఉంది. వాపసు పంపుదామనుకున్నా గానీ మనసొప్పలేదు. ట్రేలో వేడినీళ్లు పోసి కాసేపు నానబెట్టి, వంటింటి గట్టు మీద బోర్లించి పైన పప్పు డబ్బాలు పెట్టా. చల్లారాక తిన్నగా వచ్చింది. బతికిపోయా.

స్కేలు వందో వంతు కాబట్టి పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు మాత్రం రెండు వేళ్లంత! అసలు పడవలూ అంతే సన్నం, నాలుగు మీటర్ల వెడల్పు కూడా ఉండవు. తాబేలు చిప్పలా గుండ్రంగా వంగిన ముందు డెక్కు, దాని కింద పక్కపక్కనే రెండు టార్పిడో గొట్టాల మూతులు, ఇవి పోతపోసిన తీరుకు మాత్రం దండం పెట్టాలి. పొగగొట్టం అతుకు దగ్గర సందు వస్తుంది, కాస్త పుట్టీ పెట్టుకోండి. రంగు బూడిదరంగు వేయమన్నారు, పాత ఫొటోల్లో ఇవి నల్లగా కనిపిస్తాయి, నేను నలుపే వేశా.

నా గొడవంతా లోపలున్న కాగితంతో. 1884 ఆగస్టు 23న చైనాలోని ఫూజౌ దగ్గర మిన్ నదిలో చైనా నౌక యాంగ్‌వూను కొట్టిన 46 నంబరు ఫ్రెంచ్ పడవ ఇదేనని రాశారు. కాదండీ! అది ఇంతకన్నా చిన్నది, 27 మీటర్ల రకం. దానికి గొట్టాలు లేవు, ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి కర్ర చివర పేలుడు మందు కట్టుకుని శత్రువు ఒంటికి ఆనించి పేల్చాలి. తలుచుకుంటేనే టెన్షన్. నీళ్లలో తనంతట తాను ఈదుకుంటూ వెళ్లే వైట్‌హెడ్ టార్పిడో వేసే రకం ఈ 35 మీటర్లది. రెండూ ఒకటెలా అవుతాయి?

పెట్టె మీద బొమ్మేమో కొండంత అలలను చీల్చుకెళ్తున్నట్టు వేశారు. పెద్ద యుద్ధనౌకలకు డబ్బు తగలేసే బదులు ఇలాంటి చిన్నవాటిని గుంపులుగా దించితే చాలని వాదించిన ఫ్రెంచ్ అడ్మిరల్ ఓబ్ 1886లో నౌకాదళ మంత్రి కూడా అయ్యాడు, ఆయన చూస్తే మురిసిపోయేవాడు. కానీ తీరం పక్కన 20 నాట్ల (గంటకు దాదాపు 37 కిలోమీటర్ల) వేగంతో ఉరకడం వేరు, నడిసముద్రంలో నిలబడడం వేరు. 1889లో ఇదే రకానికి చెందిన 110 నంబరు పడవ సిబ్బంది మొత్తంతో మునిగిపోయింది.

స్టిక్కర్ షీట్‌లో అంకెలు విడివిడిగా ఇచ్చారు, అది మంచి పని. 46 పక్కన పెట్టి 110 అతికించా. టీవీ పక్కన పెడితే మా బాపు కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది ఏ రూటు బస్సురా?" అన్నాడు.

అయిదుకు మూడున్నర ఇస్తా. కొనేవాళ్లు వానలు పడ్డాక ఆర్డర్ పెట్టుకోండి.